వెనక తలుపు దగ్గర కిరకిర

"ఎంతుంది?"

పొద్దున్నే కళ్ళు తెరవగానే మా ఆయన నాతో అనే మొదటి మాట ఇది. నా జ్వరం గురించి కాదు, బండి చార్జింగు గురించి. అప్పటికే నేను వాకిట్లోకి వెళ్ళి, ప్లగ్గు పీకి, మంచుకి తడిసిన తీగని పాత తువ్వాలుతో తుడిచి, చుట్టలు చుట్టి కొక్కేనికి తగిలించి వచ్చుంటాను. "నిండింది" అంటాను. "శభాష్" అంటాడు. అదీ బండికే.

కరెంటు కారు కొన్నాక మా ఇంట్లో ఇద్దరమయ్యాం: ఈవీ, ఈవిడ. ఈవీని నీడలో ఉంచాలి, చక్రాల్లో గాలి చూడాలి, అద్దాల మీద దుమ్ము వాలకూడదు. అవన్నీ ఈవిడ చూడాలి. ఈవీకి ఎనిమిదేళ్ళ వారంటీ, ఈవిడకి వారింటి చాకిరీ. ఇలాంటివి నేను పైకి అనను. వంటగదిలో నాలో నేనే అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను. జోకు వేసేదీ నేనే, పడీ పడీ నవ్వేదీ నేనే. ఈల మాత్రం కుక్కరు వేస్తుంది. బండి ఇంటికొచ్చిన రోజు అత్తగారు ముందు సీట్లో కూర్చుని, "ఎంత నెమ్మదో చూశారా, కదిలినట్టే తెలియదు. ఇంట్లోనూ ఒకరు ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు" అన్నారు, వెనక్కి తిరక్కుండానే. వెనక సీట్లో సంచుల మధ్య నేను ఉన్నట్టే ఎవరికీ తెలియలేదు, ఇంకా ఎంత నెమ్మది కావాలో!

మొదటి సర్వీసుకి మా ఆయనకి మీటింగు అడ్డొచ్చింది. "నువ్వు ఖాళీయే కదా, తీసుకెళ్ళు" అన్నాడు. ఖాళీగా ఉన్నదల్లా నా కడుపే, టిఫిను తినకుండానే బండి నడుపుకుంటూ బయల్దేరాను. సర్వీసు సెంటర్లో కౌంటరు దగ్గరి అమ్మాయి "ఓనరు మీరేనా మేడమ్?" అంది. "ఓనరు గారి భార్యని" అన్నాను, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "పర్లేదు, రండి" అని పైనున్న ఓనర్స్ లాంజ్‌లో, అద్దాల గోడ పక్కన కూర్చోబెట్టింది. కింద మా బండిని పైకెత్తి, ముగ్గురు మనుషులు టార్చిలైట్లు పట్టుకుని దాని పొట్ట కింద నిలబడి చూస్తున్నారు. ఎక్కడ నొప్పో కనుక్కుందామని ఎవరైనా ఎవరినైనా అంత శ్రద్ధగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

"కాఫీలో చక్కెర ఎంత మేడమ్?"

మా ఆయనకి చెంచాన్నర. అత్తగారికి వద్దు వద్దంటూనే రెండు. మా అమ్మాయికి నురగ మీద చల్లాలి. అందరివీ నాలుక చివరే ఉన్నాయి, నాదొక్కటే లేదు. ఇంట్లో నేను తాగేది గిన్నె అడుగున మిగిలింది. అది ఎవరి తీపైతే ఆ పూటకి నా తీపీ అదే. "నీ ఇష్టం అమ్మాయ్" అన్నాను. ఆ పిల్ల వెళ్ళాక ఎందుకో కళ్ళు మండాయి.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఒంటరితనం ఇంట్లోనూ ఉంది, ఇక్కడా ఉంది. ఇంట్లోది నలుగురి మధ్యా నిలబడే ఉంటుంది. ఇక్కడిది కాస్త కూర్చుంటుంది.

చిక్కేమిటంటే, కరెంటు బండికి ఆయిలు మార్చే పని లేదు, ఏడాదికోసారి చూపిస్తే చాలట. ఏడాది ఆగడం నా వల్ల కాలేదు. అందుకని కిరకిర పుట్టించాను. "వెనక తలుపు దగ్గర ఏదో కిరకిరమంటోందండీ" అన్నాను అన్నం వడ్డిస్తూ. నా నడుం పట్టేసిందంటే టీవీ సౌండు పెంచే మనిషి, ముద్ద గాల్లోనే ఆపేశాడు. "రేపే తీసుకెళ్ళు!" మెకానిక్కు వెనక సీట్లో కూర్చుని, తలుపుకి చెవి ఆనించి, "మాకు వినపడట్లేదు మేడమ్" అన్నాడు. "నాకు వినపడుతోంది" అన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. నా చక్కెర అర చెంచా అని అక్కడే కనిపెట్టాను.

నిన్నగాక మొన్న మా ఆయన ఫోను మోగింది. కంపెనీ వాళ్ళు సేవలు మెరుగుపరిచారట. ఇకమీదట వాళ్ళే ఇంటికొచ్చి బండి తీసుకెళ్తారు, చూసి, కడిగి, మళ్ళీ వాళ్ళే దింపుతారు. "ఓనర్లకి ఎంత మర్యాదో చూడు! నీకూ ఆ తిప్పలు తప్పాయిగా" అన్నాడు, నాకేదో నగ చేయించినట్టు. ఓనరుకి ఆనరు బాగానే ఉంది. ఆ పూట వంటగదిలో నాకు ఒక్క జోకూ తట్టలేదు. కుక్కరు తనకి తనే ఈల వేసుకుంది.

ఇవాళ పొద్దున కంపెనీ డ్రైవరు వచ్చాడు. "కంప్లెయింటు ఏమైనా ఉందా సార్?"

"ఏదో కిరకిరట. మా ఆవిడ చెవులకే వినపడుతుంది" అని మా ఆయన నవ్వాడు. డ్రైవరూ మర్యాదకి నవ్వాడు.

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఎక్కడొస్తుందో నేనే చూపించాలి" అన్నాను. వెనక తలుపు తీసి కూర్చున్నాను.

"మరి వంటో?" అని గుమ్మంలోంచి అత్తగారు.

అప్పటికే అద్దం పైకి లేస్తోంది. బండి చప్పుడు లేకుండా కదిలింది. ఆ నెమ్మది మొదటిసారి నాకు పనికొచ్చింది.

సెంటర్లో ఆ అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. "కిరకిరేనా మేడమ్?"

"లేదమ్మాయ్. దానికి ఏ శబ్దమూ లేదు. ఎప్పుడూ లేదు."

"తెలుసు మేడమ్" అంది మెల్లగా. "మా మెకానిక్కు మొదటిసారే చెప్పాడు." బల్ల మీది కాగితాలు చూసి, "బండి ఇంకాసేపట్లో అయిపోతుంది. మావాళ్ళే దింపుతారు, మీరూ అందులోనే వెళ్ళిపోవచ్చు" అంది.

"బండిని పంపించెయ్యి. నేను కూర్చుంటాను."

అద్దాల గోడ పక్కన నా కుర్చీ ఖాళీగానే ఉంది. అర చెంచా కాఫీ అడగకుండానే వచ్చింది. కింద మా బండి తళతళలాడుతూ గేటు దాటి, నేను లేకుండా ఇంటికి వెళ్ళిపోయింది. రెండో కప్పు సగమయ్యేసరికి ఫోను మోగింది.

"బండొచ్చింది, నువ్వు రాలేదేం? ఎక్కడున్నావ్?"

"లాంజ్‌లో."

"బండి లేకుండా అక్కడ నీకేం పని?"

"ఏ పనీ లేదండీ" అన్నాను. "అందుకే ఉన్నాను."