అచ్చులో పడిన పెళ్ళికబురు

ఆ చర్చి బళ్ళో పిల్లల్ని చదివించుకునే వాళ్ళెవరికీ ఆమె అసలు పేరుతో పనిపడలేదు. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేలోగా ప్రతి పిల్ల సంచిలోనూ బడి విశేషాల కాగితం ఒకటి పెట్టించేది కాబట్టి అందరికీ ఆమె కబుర్లమ్మ. ఫలానా రోజు సెలవు, ఫలానా రోజు రెండో తరగతి వాళ్ళు చర్చి పూజలో తీసుకునే మొదటి సత్ప్రసాదం కోసం తెల్లబట్టలు కుట్టించుకోవాలి, ఎవరిదో నీలం స్వెట్టరు ఆఫీసులో ఉంది, వచ్చి తీసుకెళ్ళండి. ఎవరు రాసినా ఇవే రాస్తారు. కానీ ఆమె చేతిలో పడితే పేల కబురు కూడా ముచ్చటగా ఉండేది. "ఈ వారం మన బడికి పిలవని చుట్టాలొచ్చి పిల్లల తలల మీదే మకాం పెట్టారు, దువ్వెనలు ఎవరివి వాళ్ళే దాచుకోండి" అని రాస్తే తల్లులు గేటు దగ్గరే చదువుకుని పడీపడీ నవ్వేవారు. కాగితం చివర 'మన ఇళ్ళలో సంతోషాలు' అని ఒక గడి ఆమె సొంతంగా మొదలుపెట్టింది. ఎవరికి చెల్లెలు పుట్టింది, ఎవరి తాతయ్య ఆస్పత్రి నుంచి తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చాడు, అన్నీ అందులో ఎక్కేవి.

ఈ ఉద్యోగం ఆమెకు ఇప్పించింది వదిన. వదిన అదే బళ్ళో రెండో తరగతి టీచరు. పిల్లల్ని మొదటి సత్ప్రసాదానికి తయారుచేసే పని కూడా ఆమెదే.

అసలు లెక్కకు ఆమె ఇప్పుడు వదిన కాదు. కబుర్లమ్మ అన్నయ్య ఈమెతో పెళ్ళయిన కొన్నేళ్ళకే ఇంకొకామె చెయ్యి పట్టుకుని వేరే ఊరు పోయాడు. అక్కడ చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడి పాడుతున్నాడని వినికిడి. కోర్టు విడాకులిచ్చింది. అయినా తల్లి లేని ఆడపడుచుకి జడలు వేసి, దగ్గర కూర్చోబెట్టుకుని చదివించి, ఆ తర్వాత పురుడు కూడా పోసిన మనిషిని కబుర్లమ్మ ఏమని పిలుస్తుంది? వదినా అనే పిలిచింది. "మీ అన్న నన్నొదిలేసి పోతూ పోతూ నిన్ను నాకొదిలేశాడే, నాకేం నష్టం లేదు" అని వదిన వేళాకోళం ఆడేది.

అలాంటి వదిన, జుట్టు నెరిసే వయసులో, కళ్ళద్దాల కొట్టు ఆయన్ని పెళ్ళి చేసుకుంది. భార్య పోయిన మనిషి, మాట తక్కువ, మంచితనం ఎక్కువ. వదిన మొదటి పెళ్ళి కోర్టులో రద్దయినా చర్చి లెక్కలో రద్దు కాలేదు కాబట్టి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. సాక్షి సంతకం కబుర్లమ్మదే. బయటికొస్తూ వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"దాచమని చెప్పను గానీ, డప్పు మాత్రం కొట్టకే. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నాకు తెలుసు."

"నేనెందుకు కొడతాను వదినా!" అంది కబుర్లమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

కొట్టింది. ఆ వారం గడి ఖాళీగా ఉంది. సంతోషమేమో లోపల పట్టడం లేదు. బడి నడిపే పెద్ద సిస్టరు, ప్రతివారం కాగితం చూసి సరేననే మనిషి, ఏదో సమావేశానికి వెళ్ళి ఉంది. "ఇన్నాళ్ళూ ఒక్క కప్పు టీ కాచుకున్న మన రెండో తరగతి టీచరుగారు ఈ వారం నుంచి రెండు కప్పులు కాస్తున్నారు. కొత్త దంపతులు చల్లగా ఉండాలి" అని రాసి, తానే ఒకటికి రెండుసార్లు చదువుకుని మురిసిపోయి, అచ్చు మిషను మీట నొక్కింది.

సాయంత్రం గేటు దగ్గర తల్లులంతా వదినని చుట్టుముట్టారు. ఒకామె పూలు తెచ్చింది. ఏం జరిగిందో వదినకి ముందు అర్థం కాలేదు. ఎవరో కాగితం చేతిలో పెట్టారు. చదివింది, నవ్వింది, అందరికీ దణ్ణం పెట్టింది. వాళ్ళంతా వెళ్ళాక ఆఫీసు కిటికీ వైపు ఒకసారి చూసింది. ఆ ముఖంలో నెత్తురు లేదు.

సోమవారం చర్చి ఫాదరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. పెద్ద సిస్టరు గది తలుపు మూసుకుంది. మధ్యాహ్నం వదిన ఆ గదిలోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి, తన సంచీ, గొడుగూ తీసుకుని, పిల్లలు అన్నాలు తింటున్న గది వైపు తల తిప్పకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత కబుర్లమ్మకి పిలుపొచ్చింది.

"సిస్టర్, తప్పు నాది. నేను రాసినదానికి ఆవిడనెందుకు పంపించారు? ఈ పెళ్ళి సంగతి మీకు ముందే తెలుసు కదా!" అంది, లోపలికి అడుగు పెడుతూనే.

"తెలుసు. ఫాదరుకీ తెలుసు," అంది పెద్ద సిస్టరు. ఆమె కఠినురాలు కాదు. కళ్ళ కింద నిద్ర లేని చారలున్నాయి. "తెలియడం వేరమ్మా, అచ్చులో చదవడం వేరు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉండొచ్చు. ఇంటింటికీ పంచిన తర్వాత ఎలా ఉంటాం? చర్చి ఒప్పుకోని పెళ్ళి చేసుకున్న మనిషి సత్ప్రసాదానికి పిల్లల్ని ఎలా తయారు చేస్తుందని పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

పెద్ద సిస్టరు ఒక తెల్లకాగితం తీసి ఆమె ముందుకు జరిపింది.

"ఈ శుక్రవారం ఒక మాట రాయాలి. తీసేశామని రాస్తే ఆమెకే అవమానం. కుటుంబం చూసుకోవాలని ఆమే మానుకుందని రాయి. నువ్వయితే నొప్పి తెలియకుండా రాస్తావు."

"నా చేత రాయించకండి సిస్టర్."

"ఇంకెవరు రాస్తారు?" అంది పెద్ద సిస్టరు. "నీ కూతురు కూడా ఆ తరగతే కదూ? ఇంకా పై తరగతులున్నాయి. ఆలోచించుకో."

బెదిరింపో, మంచి మాటో తేల్చుకోలేని గొంతు అది. కబుర్లమ్మ తేల్చుకోవాలని ప్రయత్నించలేదు కూడా. తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదట రాసింది మొద్దుగా ఉందనిపించింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. "కొత్త సంసారానికి తన సమయమంతా ఇవ్వాలని మన రెండో తరగతి టీచరుగారు సెలవు తీసుకున్నారు. ఆమె నవ్వు మన గోడల్లో ఉండిపోతుంది." రెండో వాక్యం ఎవరూ అడగలేదు. అది రాసేటప్పుడు, బాగా కుదిరిందని లోపలెక్కడో చిన్న తృప్తి కలిగింది. తర్వాత నెలల తరబడి ఆమెను కొరుక్కుతిన్నది ఆ తృప్తే.

కాగితం వెళ్ళిన మర్నాడే దాని పని అది చేసింది. కూరగాయల బజారులో, మొన్న పూలు తెచ్చిన తల్లే వదిన ఎదురుపడితే ముఖం తిప్పుకుంది. పక్కనున్న ఇంకొకామె ఊరుకోలేదు. "మొగుడు దొరకగానే పిల్లలు బరువయ్యారా టీచరమ్మా? సత్ప్రసాదం ముందర నడిమధ్యలో వదిలేసి పోతారా ఎవరైనా?" అంది నలుగురిలో. వదిన బెండకాయల సంచీ అక్కడే పెట్టేసి, తిన్నగా కబుర్లమ్మ ఇంటికి వచ్చింది. గుమ్మం దాటలేదు.

"లోపలికి రా వదినా."

"రాను. ఒక్కటడిగి పోతాను. నేను మానుకున్నానా?"

కబుర్లమ్మ తల వంచుకుంది. "నీకు అవమానం కాకూడదని..."

"నాకా? తీసేశారని తెలిస్తే కొందరు తిట్టేవాళ్ళు, కొందరు జాలిపడేవాళ్ళు. నేను తలెత్తుకునే తిరిగేదాన్ని. ఇప్పుడు పసిపిల్లల్ని వదిలేసి మొగుడి వెనకాల పోయినదాన్నయ్యాను. మీ అన్న చేసిన పని నాకు అంటగట్టావు కదే!"

"నా పిల్ల అక్కడే చదువుతోంది వదినా. నా మీద నాలుగు నోళ్ళు బతుకుతున్నాయి. నేనేం చెయ్యను చెప్పు?"

"మొదటిసారి రాసింది ప్రేమతో రాశావు. నా కొంప మునిగినా ఏమీ అనలేదు, అన్నానా? రెండోసారి తెలిసి రాశావు." అంది వదిన. "వచ్చేవారం ఒక్క ముక్క వెయ్యి. ఆమె మానలేదు, మేమే మాన్పించాం అని. కారణం కూడా వద్దు."

"సిస్టరు ఒప్పుకోదు."

"అడిగి చూడు, పోనీ."

అడుగుతానంది కబుర్లమ్మ. అడగలేదు. వారమంతా పెద్ద సిస్టరు గది ముందు నుంచి ఎన్నిసార్లు నడిచిందో! ఆ శుక్రవారం కాగితంలో నీళ్ళ సీసాల మీద పేర్లు రాయమనీ, గేటు ముందు బళ్ళు ఆపొద్దనీ మాత్రమే ఉంది.

సత్ప్రసాదం రోజున చర్చి నిండిపోయింది. తెల్లగౌన్లలో ఆడపిల్లలు, బిగుసుకుపోయిన కాలర్లతో మగపిల్లలు. కొత్త టీచరు వాళ్ళని వరసలో నిలబెట్టలేక అవస్థ పడుతోంది. వదిన వచ్చింది. ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన, ఒక్కతే కూర్చుంది. చేతులెలా జోడించాలో, ఎక్కడ మోకరించాలో తాను నేర్పిన పిల్లలంతా ఒకరి వెనక ఒకరు వెళ్ళి నాలిక చాపి సత్ప్రసాదం తీసుకుంటుంటే, ఆమె లేవకుండా అక్కడే ఉంది. చర్చి ఒప్పుకోని పెళ్ళి చేసుకున్నాక ఆ వరసలో నిలబడే హక్కు ఆమెకు లేదు.

పూజ అయ్యాక మెట్ల మీద కబుర్లమ్మ కూతురు ఆమెను చూసి, గౌను ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. కబుర్లమ్మ వెనకే వెళ్ళింది, ఆపడానికో, అందుకోవడానికో తెలియకుండా.

"అత్తా! మేం అల్లరి చేస్తామని విసుగొచ్చి మానేశావా? ఇక మేం అల్లరి చెయ్యం," అంది పిల్ల.

"ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే మానేశావని కాగితంలో ఉందిగా. అమ్మే రాసింది."

చుట్టూ నలుగురైదుగురు తల్లులు ఆగారు. వదిన పిల్ల తల మీద జారిన పూలచుట్టు సరిచేసింది. తర్వాత కబుర్లమ్మ వంక చూసింది. చాలాసేపు చూసింది. ఇప్పుడు చెప్పు, ఇక్కడ చెప్పు అన్నట్టుగా ఉంది ఆ చూపు. నోరు తెరిస్తే చాలు. కబుర్లమ్మ కళ్ళు మెట్ల పైన నిలబడి అందరినీ పలకరిస్తున్న పెద్ద సిస్టరు మీదికి పోయాయి.

"మీ అమ్మ రాసిందంటే నిజమే అయ్యుంటుందమ్మా," అని వదిన పిల్ల బుగ్గ నిమిరి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వారం రోజులు ఓర్చుకుని, కబుర్లమ్మ కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళింది. కొట్టు వెనకే వాళ్ళ కాపురం. కొట్టాయన ఏదో అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"వదిన ఉందా అన్నయ్యా?"

ఆయన ఇబ్బందిగా లోపలి పరదా వైపు చూశాడు. పరదా వెనక ఎవరో పసివాడు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. తప్పు పోయిన చోట వదిన గొంతు మెల్లగా దిద్దుతోంది.

"మీరొస్తే లేనని చెప్పమంది," అన్నాడు. "నాకు అబద్ధం చేతకాదమ్మా. ఉంది. కానీ మీకు మాత్రం లేదు."

కబుర్లమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది. వెళ్ళబోతుంటే ఆయనే మళ్ళీ పిలిచాడు.

"పాపని పంపమంది. చదువు వెనకబడనివ్వొద్దని మరీ మరీ చెప్పింది. రోజూ సాయంత్రం పంపండి."

పంపింది. బడి కాగానే పిల్లని తీసుకొచ్చి కొట్టు మెట్టు దగ్గర వదిలేది. పిల్ల "అత్తా!" అని అరుచుకుంటూ పరదా తోసుకుని లోపలికి పోయేది. మొదటి రోజుల్లో కొట్టాయన బయట ఒక కుర్చీ వేసి, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. వీధికి అవతల, మూసేసిన చెప్పుల దుకాణం ముందు నిలబడి, లోపల దీపం కింద కదిలే నీడల్ని చూస్తూ, పిల్ల వచ్చేదాకా ఎదురుచూసేది. వాన కురిసిన రోజున కూడా అక్కడే నిలబడింది.