సారలమ్మ వాంగ్మూలం

ఎర్రవాగు ఆనకట్ట కట్టి తొంభై ఏళ్లయింది. దాన్ని కూల్చాలా, ఉంచాలా అన్న తగాదాకే పద్నాలుగేళ్లు నిండాయి. పై ఊరి రైతు బుచ్చిరాములు ఉంచాలంటాడు. అది ఉంటేనే ఆయన బావిలో నీళ్లుంటాయి. కింది ఊరి సారలమ్మ కూల్చాలంటుంది. మూడేళ్ల కిందట తుప్పుపట్టిన ఆనకట్ట తలుపు ఊడి వరదొస్తే ఆమె ఇల్లు కొట్టుకుపోయింది. అప్పటినుంచి పట్నంలో, లాలాపేట్‌లోని కూతురి దగ్గర ఉంటోంది.

కోర్టు వేసిన కమిటీ ఆఖరి విచారణను యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో పెట్టింది. బుచ్చిరాములు తన అన్నకొడుకు భానుప్రకాశ్‌తో తార్నాకలో బస్సు దిగి ఆటో ఎక్కాడు. చౌరస్తా దాటగానే ఫుట్‌పాత్ మీద సారలమ్మ కనిపించింది. చీలమండ పట్టుకుని కూర్చుంది. "ఆపకు అన్నా, పోనీ" అన్నాడు భానుప్రకాశ్ డ్రైవరుతో. బుచ్చిరాములు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

హాల్లో కమిటీ అధ్యక్షురాలు ప్రొఫెసర్ అరుంధతి సారలమ్మ పేరు రెండుసార్లు పిలిచారు. కింది ఊరి తరఫున మాట్లాడతానని పేరిచ్చింది ఆమె ఒక్కతే.

"రాలేదు. ఉన్న కాగితాలతోనే ముగించేద్దామండీ" అన్నారు అరుంధతి.

బుచ్చిరాములు లేచాడు. "వచ్చింది మేడం. తార్నాకల కాలు మెలికవడి కూసున్నది. నేను చూసిన."

"చూసి, వదిలేసి వచ్చారా?"

ఆయన అప్పటికే తలుపు వైపు కదిలాడు. "అర్ధగంట ఇయ్యుండ్రి. తీస్కొస్త."

సారలమ్మ ఇంకా అక్కడే ఉంది. కాలు బాగా వాచింది.

"ఇందాక పోయింది నువ్వే గదా పటేలా?"

"నేనే. లే, ఆటో ఎక్కు."

"నేను రాకుంటె నీకే మంచిది గదా."

"మంచిదే. గని నువ్వు లేకుంట గెలిస్తె మళ్ల కోర్టుకు వోతవు. ఇంకో పద్నాలుగేండ్లు నాతోని కాదు."

సారలమ్మ నవ్వింది. "పోత. అబద్ధమెందుకు?"

హాల్లో ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడింది. వరదలో దూలం పట్టుకుని వేలాడిన సంగతి, తాడు విప్పలేక వదిలేసిన రెండు బర్రెల సంగతి చెప్పింది. ఈ మూడేళ్లలో బుచ్చిరాములు అదంతా వినడం అదే మొదటిసారి. ఊళ్లో సభలప్పుడు ఆమె లేస్తే తన వాళ్లు అరిచేవారు. తనూ అరిచేవాడు.

పై ఊరికి ముందు వేరే నీళ్లు ఇచ్చి, ఆ తర్వాత ఆనకట్ట కూల్చాలని రెండు నెలలకు కమిటీ నివేదికలో రాసింది.

"నువ్వే తెచ్చినవ్ ఆమెను" అన్నాడు భానుప్రకాశ్. చాలా రోజులు చిన్నాయనతో మాట్లాడలేదు. ఊళ్లో మరికొందరూ మాట్లాడలేదు.

పైపుల పని నడుస్తోంది, ఆనకట్ట ఇంకా ఉంది. ఈ వానాకాలం వాగు పొంగిన రోజు బుచ్చిరాములు కట్ట మీదికి వెళ్లి మిగిలిన తలుపులు చూశాడు. అక్కడినుంచే కింది ఊరికి ఫోన్ చేసి, పశువులను విప్పి మిట్టకు తోలుకోమన్నాడు.