అలవాటైన చేతులు

ఆనకట్ట మళ్ళీ తెగింది. రాళ్ళూ కొమ్మలూ మన్నూ వేసి ఊరంతా నడుములు విరిగేలా కట్టిన కట్టను ఎర్రటి వరద ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చుకుపోయింది. ఆ చోటు ఎంచింది ఊరి చర్చి పెద్ద, బిషప్ హాస్కెట్. నది అక్కడ ఇరుకు, పని తేలికవుతుందని మొండికేసిందీ ఆయనే. అందుకే శనివారమంతా ఎవరి మొహమూ చూడలేక గొడ్ల పాకలోనే తచ్చాడాడు.

సాల్ట్ లేక్ నగరంలోని చర్చి పెద్దలు పిలుపు పంపి ఈ ఎలీము ఊరికి తోలకముందు ఆయన బండి చక్రాలు చేసుకుని బతికే మనిషి. పిలుపు వస్తే కాదనే అలవాటు ఆ జనానికి లేదు. వచ్చాడు, ప్రార్థనలు చేయించాడు, పెళ్ళిళ్ళు జరిపాడు, తగువులు తీర్చాడు, నీళ్ళ వంతులు పంచి ఇరుపక్షాల తిట్లూ తిన్నాడు. ఇప్పుడు తాను ఆ పదవి దిగిపోతే తప్ప ఈ ఊరు నిలబడదని ఆయన బుర్రలో గట్టిగా నాటుకుపోయింది.

ఆదివారం చర్చి సభలో ప్రభువు పేర రొట్టే నీళ్ళూ పంచడం అయ్యాక లేచి నిలబడ్డాడు.

"కట్ట తెగింది నా తప్పువల్లే. నన్ను ఈ పనినుంచి విడిపించమని పెద్దల్ని అడుగుతాను. ముందు మీ మాట కావాలి. ఒప్పుకునేవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి," అని రివాజు ప్రకారం తన చెయ్యి ముందు ఎత్తాడు.

చేతులన్నీ లేచాయి.

ఆ జనం సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. వేదిక మీంచి ఏది అడిగినా వాళ్ళకు చెయ్యెత్తడమే తెలుసు. కునుకు తీసేవాళ్ళయితే కళ్ళు తెరవకుండానే ఎత్తేస్తారు. ముందు బెంచీలో, ఆ చర్చి ఆచారం ప్రకారం ఆయన చేసుకున్న ఇద్దరు భార్యలూ పిల్లల్ని సముదాయిస్తూనే ఎత్తారు. పాపం, హాస్కెట్‌కి ఆ ముక్క తట్టలేదు. ఇంట్లోవాళ్ళకు కూడా బరువైపోయానా అనుకున్నాడు.

"కాదనేవాళ్ళు?" అని లాంఛనానికి అడిగాడు. ఆ మాటకు ఎలీములో ఏనాడూ ఎవరూ చెయ్యెత్తలేదు.

వెనక బెంచీలో, డెన్మార్కు నుంచి వచ్చిన, చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే ముసలి మారెన్ పక్కాయన్ని మోచేత్తో పొడిచింది. "ఏమయ్యా, ఇందాక దేనికెత్తాం?"

"బిషప్ గారు దిగిపోడానికట."

"ఓరి నీ అసాధ్యం కూలా! ముందే చెప్పొద్దూ?" అంటూ చెయ్యెత్తేసింది. "బిషప్ గారూ, నేను కాదంటున్నా!"

"ఇందాక ఔనన్నారు కదా సిస్టర్?"

"ఇందాక లేచింది చెయ్యి. ఇప్పుడు లేచింది నేను."

సభంతా గొల్లున నవ్వింది. నవ్వుతూనే అందరూ తమ తమ చేతుల వంక అనుమానంగా చూసుకున్నారు. పెద్ద భార్య డోర్కస్ మొహం తెల్లబోయింది. "అయ్యో, నేను బడికి కొత్త పొయ్యి కొనడానికేమో అనుకున్నానండీ," అంది.

అప్పుడు పీస్లీ లేచాడు. నీళ్ళు లేక అతని గోధుమ చేను నిలువునా ఎండుతోంది. హాస్కెట్ అసలు భయపడింది ఇతనికే.

"బిషప్ గారూ, మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండిపోతోంది. వద్దు మొర్రో అన్న చోటే కట్టించారు. అలాగని దిగిపోతే ఎలా? ఎవర్ని తిట్టుకుంటూ రాళ్ళు మొయ్యాలి మేము? మళ్ళీ అడగండి. ఈసారి నిమ్మళంగా, మెలకువగా ఉన్నవాళ్ళకి వినపడేట్టు."

హాస్కెట్ గుండె చిక్కబట్టుకుని ఒక్కో మాటా విడివిడిగా పలికాడు. "నేను, దిగిపోవాలి, అనేవాళ్ళు, చెయ్యెత్తండి." తన చెయ్యి ముందు ఎత్తాడు.

జనమంతా అరచేతులు తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చున్నారు. పొరపాటున లేస్తుందేమోనని మారెన్ పక్కాయన చెయ్యి కూడా పట్టుకుంది. పీస్లీ చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు.

ఆ గదిలో పైకి లేచి ఉన్నది ఆయన చెయ్యి ఒక్కటే. కళ్ళు తుడుచుకోడానికి దాన్నీ దించాడు.