రెండు ఫోన్ల కాపురం

ఫోన్ నిండిపోయిందని ఆమె చాలా రోజులుగా గొణుగుతుంటే, ఒక ఆదివారం ఆమె తమ్ముడు వచ్చి అక్కాబావల ఫోన్లు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇకనుంచి మీ ఇద్దరికీ ఒకటే లైబ్రరీ. ఫొటోలు, వీడియోలు, రికార్డింగులు ఎవరు తీసినా రెండు ఫోన్లలోనూ కనపడతాయి. ఒకళ్లు తుడిచేస్తే ఇద్దరికీ పోతాయి, జాగ్రత్త బావా!"

"మా మధ్య దాపరికాలేం ఉన్నాయిలే," అన్నాడు బావ. ఆమె నవ్వుతూ తలూపింది.

అతను లిఫ్టు మెకానిక్. ఏదైనా విప్పే ముందు ప్రతి వైరునూ ఫొటో తీసుకోవడం అతని అలవాటు. ఆమె కర్టెన్ల దుకాణంలో కౌంటరు దగ్గర కొలతలు రాసుకుంటుంది. వారం తిరిగేసరికి పూల కర్టెన్ల మధ్య గ్రీజు పట్టిన పుల్లీలు వచ్చి కూర్చున్నాయి.

"మా ఓనరమ్మకి డిజైన్లు చూపిస్తుంటే మీ తుప్పు పట్టిన ఇనప తాడు వచ్చింది. ఇదేం మోడలమ్మా అని అడిగింది," అందామె. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం అతను ఓ ఆఫీసు భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో డబ్బా విప్పుకుని తింటున్నాడు. పొద్దున తీసిన ఫొటో కోసం వెతుకుతుంటే వరసగా రికార్డింగులు కనపడ్డాయి. మొదటిది నొక్కాడు. ఎవరో ఒకావిడ కిటికీ కొలతలు చెబుతోంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో తన గొంతు!

"నీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చావా?"

తర్వాతదీ తనదే. "గ్యాస్ వాడికి ఫోన్ చెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? నీకు చెప్పడం, చెవిటివాడి ముందు శంఖం ఊదడం రెండూ ఒకటే!"

డబ్బా పక్కకి నెట్టేశాడు. భార్య తన మాటల్ని దొంగచాటుగా దాచిపెడుతోంది. ఎందుకు? ఎవరికి వినిపించడానికి? తమ్ముడికా? ఇన్నేళ్ల కాపురంలో తను చెయ్యెత్తి ఎరగడు. నోరు మాత్రం కాస్త పెద్దదే. లిఫ్టు గోతిలో ఉన్నవాడికి పైనుంచి వినపడాలంటే అరవాల్సిందే మరి.

అనుమానం పెనుభూతమంటారు. అతను రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. మూడో రోజు సాయంత్రం ఆమె స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. అతను గుమ్మంలోంచే అడిగేశాడు.

"నా మాటలు ఎవరికి వినిపిద్దామని రికార్డు చేస్తున్నావ్?"

"తువ్వాలు బాల్కనీలోనే ఆరేశా, చూడండి," అంది ఆమె వెనక్కి తిరగకుండానే.

వేళాకోళమాడుతోందనుకుని అతనికి ఒళ్లు మండింది. ఒకడుగు ముందుకేసి, ఈసారి గొంతు తగ్గించి, పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. టీవీ లేదు, కుక్కర్ కూత లేదు, ఫ్రిజ్ రొద తప్ప ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె తన మానాన తను గరిటె తిప్పుతూనే ఉంది.

అతని కోపం ఎటు పోయిందో పోయింది. స్టవ్ ఆపేసి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు వినపడటం లేదు కదూ?"

ఆమె అతని పెదాల వంకే చూసింది. ఈమధ్య మాట్లాడినప్పుడల్లా ఆమె అలాగే చూస్తుంటే, ఈ వయసులో కూడా ఇంత ఇష్టమేమిటా అని అతను లోలోపల మురిసిపోయేవాడు.

"ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం సగం," అందామె మెల్లగా. "ఒకావిడ తొంభై అంటే ఎనభై అని రాసుకున్నా. కర్టెన్లన్నీ పొట్టివైపోయాయి. అప్పట్నుంచీ అందరి మాటలూ రికార్డు చేసుకుని, బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నా."

"మరి నావెందుకు?"

"మీరు సగం మాటలు గోడకి చెబుతారు. మళ్లీ అడిగితే విసుక్కుంటారు. అందుకే ఇంట్లో ఒకసారి, బస్సులో ఒకసారి మీతో కాపురం చేస్తున్నా." నవ్వబోయింది గాని కళ్లు నిండాయి. "మీకెలా తెలిసింది?"

"రికార్డింగులు కూడా కలుస్తాయని మీ తమ్ముడు చెప్పాడుగా."

"ఫొటోలు, వీడియోలు... నాకు అంతవరకే వినపడింది."

అతనికి శంఖం మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

"ఆ గ్యాస్ గొడవ రికార్డింగు... విన్నావా?"

"విన్నా."

"నాతో చెప్పొచ్చు కదే!"

"ఏమని చెప్పను? మీరన్నది నిజమేనండీ అనా?"

అతను ఫోన్ తీసి ఆ రికార్డింగును ఆమె కళ్లముందే తుడిచేశాడు.

"రెండు ఫోన్లలోంచీ పోయింది," అంది ఆమె.

"నీ మనసులోంచి ఎలా తుడిచేది?" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టి ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎడమ చెవికి ఆశ లేదని, కుడి చెవికి మిషన్ పెడితే చాలావరకు వినపడుతుందని ఆయన చెప్పాడు. "ఇన్నాళ్లూ ఎందుకు ఆగావమ్మా?" అని అడిగితే ఆమె తల దించుకుంది.

"ఇంట్లో ఉన్నవాణ్ని, నేను కనిపెట్టాల్సింది సార్," అన్నాడతను.

సంగతి తెలిశాక ఓనరమ్మ ఆమెను కౌంటరు నుంచి గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరికి మార్చింది. ఆమె చిన్నబుచ్చుకుంది. ఇంటికొచ్చి ఏడ్చింది కూడా. మెల్లగా చెయ్యి కుదిరాక, మాట కన్నా కత్తెరే నయమనిపించింది.

మిషన్ వచ్చేలోపు అతను కుడిపక్కకి వచ్చి, మొహంలో మొహం పెట్టి మాట్లాడటం నేర్చుకున్నాడు. దాంతోపాటు అసలే పెద్దదైన గొంతు ఇంకా పెద్దదైంది. మిషన్ పెట్టుకుని వచ్చిన సాయంత్రం, "మంచినీళ్లు కావాలా?" అని అతను అడగ్గానే ఆమె ఉలిక్కిపడింది.

"బాబోయ్, వీధి వీధంతా తెస్తుంది మంచినీళ్లు! మెల్లగా అడగండి."

అతను మెల్లగా అడగబోతే అది గుసగుస అయింది. ఆమె నవ్వుతూ నవ్వుతూ ఆగి, వంటింటివైపు చూసింది.

"అదేంటి, ఫ్రిజ్ ఇంత మోత చేస్తోంది?"

"ఎప్పట్నుంచో చేస్తోంది."

"మెకానిక్ ఇంట్లో ఫ్రిజ్‌కి ఈ గతా?"

అతను సిగ్గుపడి పనిముట్ల సంచి తెచ్చాడు. ఫ్రిజ్ ముందుకి లాగి, మోకాళ్ల మీద కూర్చుని, వెనకాల వదులైన స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. ఆమె టార్చి పట్టుకుని కుడి చెవి దగ్గరగా వంచింది.

"ఇప్పుడు?" అన్నాడు, గట్టిగానూ కాకుండా, గుసగుసగానూ కాకుండా.

"కాస్త తగ్గింది," అందామె. "ఇంకో చుట్టు తిప్పండి."