కవిగారి ముక్కు

ప్లంబరుకి నలభై ఆరేళ్ళు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన మొహం ఆయనది కాదు, ముత్తాతగారిది. ముత్తాతగారంటే అల్లాటప్పా మనిషి కాదు, పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉన్న పెద్ద కవి. "అచ్చం మా తాతగారే. పోలిక దిగింది గానీ బుర్ర దిగలేదు," అని వాళ్ళమ్మ నలుగురిలో అనేది. నలుగురూ ఆయన్ని జాలిగా చూసి, పనిలో పనిగా సింకు కింద కారుతున్న చోటు చూపించేవాళ్ళు.

కవిగారు కెమెరా కనిపిస్తే గొడుగు అడ్డం పెట్టుకునేవారట. ఫొటో ఒక్కటీ లేదు. ఇప్పుడేమో గ్రంథాలయం ముందు విగ్రహం పెట్టాలన్నారు. ఇంకేముంది, శిల్పి వచ్చి ప్లంబర్ని పట్టుకుంది.

పదకొండు రోజులు ఆయన పని మానుకుని ఆవిడ ముందు కదలకుండా కూర్చున్నాడు. ఊరికే కాదు, ఆశతో కూర్చున్నాడు. ఈ విగ్రహం లేచాకైనా అమ్మ ఆ బుర్ర మాట ఎత్తడం మానేస్తుందని.

పన్నెండో రోజు మట్టిబొమ్మ చూపించడానికి అమ్మని తీసుకొచ్చారు. కవిగారిని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే మరి. చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచింది.

"ముక్కు ఇది కాదు. మా తాతగారిది చప్పిడి ముక్కు. చెవులూ ఇవి కావు. గడ్డమైతే అసలే కాదు."

"మీవాడు అచ్చం ఆయనే అన్నారు కదమ్మా?" అంది శిల్పి.

"అన్నాను. ప్లంబర్ని పెళ్ళి చేసుకున్నానని మావాళ్ళు నన్ను గడప తొక్కనివ్వలేదు. మా ఆయన పోయేనాటికి వీడికి రెండేళ్ళు. కవిగారి పోలికంటే వీడికింత అన్నం పెడతారని అన్నాను. పెట్టారు. ఒకసారి అన్నాక మానేదెలా?"

ప్లంబరుకి ఒళ్ళు మండింది. "మరి బుర్ర దిగలేదని ఎందుకన్నావమ్మా?"

"కాస్త నిజం కలపకపోతే ఎవరు నమ్ముతారురా?"

శిల్పి బొమ్మకేసి చూసింది. "అయితే ఈయనెవరు?"

అమ్మ దగ్గరికెళ్ళింది. తడిమట్టి చెంప మీద చెయ్యి వేసింది. "మీ నాన్న," అంది కొడుకుతో.

ఆయనకి నాన్న మొహం తెలీదు. ఇంట్లో ఫొటో అయినా లేదు. దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

శిల్పి మొహమాటంగా చాకు తీసింది. "ముక్కు ఇప్పుడే సరిచేసేస్తానమ్మా."

"దాని జోలికెళ్ళకు," అంది అమ్మ. "కవిగారికి వేరే మట్టి తెప్పించుకో."

"నేను మోసుకొస్తాను," అన్నాడు కొడుకు.