గున్వర్ దిగని పడవ

పడవ ముందు భాగాన నిలబడి తూరిద్ తాడును చుట్టలుగా చుడుతోంది. ఆస్పత్రి లాండ్రీలో ఏడాది పొడుగునా దుప్పట్లు మడతపెట్టే చేతులవి. జూలై సెలవుల్లో కూడా ఊరుకోవు. ఆమె మొగుడు ఆర్విద్ ఇంజను జోరు తగ్గించి, ఈల వేసుకుంటూ పడవను, పడవలు కట్టేసే మెరీనాలోకి తెస్తున్నాడు. సెలవులన్నాళ్లూ వాళ్లకిదే తిరుగుడు, దీవి నుంచి దీవికి.

"గున్వర్ వచ్చిందోయ్!" రేవు చూసుకునే ముసలి ఎగిల్ కేక పెట్టాడు. "తాడిటు విసురు, గున్వరమ్మా!"

తూరిద్ విసిరింది. కాస్త గట్టిగానే విసిరింది. ఈ తీరంలో పడవల వాళ్లకు మనుషుల పేర్లతో పనిలేదు, పడవ పేరుతోనే పిలుస్తారు. ఈ పడవ వెనక చెక్క మీద నీలి అక్షరాల్లో ఉన్నదేమో ఆర్విద్ మొదటి పెళ్లాం పేరు. ఆవిడ ఏనాడో అతన్ని వదిలేసి, బెర్గెన్ పట్నంలో ఒక పళ్ల డాక్టర్ని కట్టుకుంది. మనిషి దిగిపోయింది గాని పేరు దిగలేదు. పేరు మారిస్తే పడవకు కీడని ఇక్కడి నమ్మకం.

పెళ్లయ్యాక తూరిద్ కప్పులు మార్చింది, కిటికీ తెరలు మార్చింది, పరుపు మార్చింది. అయినా ప్రతి రేవులోనూ గున్వర్‌గానే దిగి గున్వర్‌గానే ఎక్కుతోంది. ఒళ్లు మండిపోయేది. అది అసూయేనని ఆమెకు తెలుసు, దాచుకోనూ లేదు. ఆ ఉదయం కాఫీ దగ్గర తేల్చేసింది.

"ఇవాళ ఆ పేరు గీకేస్తావా, నన్ను బస్సెక్కి ఇంటికి పొమ్మంటావా?"

"గీకేస్తాలేవే తల్లీ. కీడొస్తే మాత్రం నువ్వే ఈదాలి," అన్నాడు ఆర్విద్.

అందుకే పడవ కట్టేయగానే తూరిద్ మెరీనా కొట్టుకు వెళ్లి రంగు గీకే రేకు కొంది. రాత్రి తిండికి ఉడికిన రొయ్యలూ, తెల్ల రొట్టె, నిమ్మకాయా కొంది. బయట బల్ల మీద కూర్చున్న ఎగిల్ ఆమెను ఆపి గొంతు తగ్గించాడు.

"మీ ఆయనకి తెలుసా అమ్మా? పాత గున్వర్ చనిపోయింది. పోయిన వారమే. గుండె ఆగిందట. బెర్గెన్‌లో మా చెల్లెలు చెప్పింది."

తూరిద్‌కు ముందు హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. గీకడం అయ్యాక చెప్పొచ్చు. కాసేపట్లో ఏం కొంప మునుగుతుంది?

ఆర్విద్ రేవు చెక్కల మీద బోర్లా పడుకుని, పడవ వెనక భాగాన్ని దగ్గరకు లాక్కుని, మొదటి అక్షరం మీద రేకు ఆనించాడు. తూరిద్ పక్కనే కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చిన్న నీలి పెచ్చు ఊడింది.

"ఇవన్నీ గున్వరే రాసిందిలే," అన్నాడతను. "నాలిక బయటపెట్టి, చిన్నపిల్లలా. ముక్కు నిండా రంగే." అని నవ్వాడు.

ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉండుంటే తూరిద్ ఓర్చుకునేది. చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. తెలియనివ్వకుండా అతని చేత ఇది చేయించలేననుకుంది.

"ఆపు ఆర్విద్. గున్వర్ చనిపోయింది. ఎగిల్ చెప్పాడు."

అతను రేకు కింద పెట్టాడు. తర్వాత పడవలోకి వెళ్లి ఇంజను మూత తీసి, పొద్దున చూసిన నూనెనే మళ్లీ చూశాడు. అతని వీపు కదులుతుండడం తూరిద్‌కు కనిపిస్తూనే ఉంది. తన కోసం ఈ మనిషి ఎప్పుడైనా ఇలా ఏడుస్తాడా అనుకుంది.

రాత్రి రొయ్యలు తింటున్నప్పుడు అతను తల ఎత్తలేదు.

"రేపు గీకేస్తాలే. మాటిచ్చాగా."

"వద్దులే. తిను."

ఆ మాట జాలితో అనలేదు. బతికున్న గున్వర్‌ను గీకి పారేయొచ్చు. చచ్చిపోయినదాన్ని గీకితే ఇతని కళ్లలోకి దిగి కూర్చుంటుంది. అక్కడికి ఏ రేకు అందుతుంది? అసూయ తగ్గకపోగా ఇంకా పెరిగింది. అయినా బస్సు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

తెల్లారి ఎగిల్ తాడు విప్పాడు. కేక వేయబోయి తటపటాయించాడు.

"ఏం, గొంతు పోయిందా? ఎప్పట్లాగే కేక వెయ్యి," అంది తూరిద్.

"గున్వర్ వెళ్తోందోయ్!" అన్నాడు ఎగిల్.

ఆమె తాడును చుట్టలుగా చుట్టింది. పడవ దీవుల వెనక్కి తిరిగింది. రేవు చెక్కల మీద, రొయ్యల పొట్టు పక్కన, రంగు గీకే రేకు ఉండిపోయింది. దాని అంచున గోరంత నీలిరంగు అంటుకుని ఉంది.