బొమ్మలు రాని పేజీ

గిన్నెలు తోమి బోర్లించి, చెయ్యి తుడుచుకుని వంటింటి సొరుగు సర్దుతుంటే నా పాత బటన్ల ఫోను దొరికింది. అంకెలు సగం అరిగిపోయాయి. బతుకుతుందన్న ఆశ లేకుండానే చార్జింగు పెట్టాను.

అందులో చిన్న బ్రౌజరు ఉండేది. బొమ్మలు రాకుండా ఆపేస్తే పేజీ తేలిగ్గా దిగేది. సిగ్నలు ఈ కిటికీ ఊచల దగ్గరే అందేది. ఇక్కడ ఆనించి, పేజీ నొక్కి, కూర కలిపి వచ్చేసరికి అక్షరాలు వచ్చి కూర్చునేవి. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి, దాని కింద ఒకే ముక్క: సముద్రం. నేను సముద్రం చూడలేదు. ఆ గడి నిండా నాకు తోచిన సముద్రాన్ని పోసుకునేదాన్ని. "ఆ కిటికీలో ఏముందే, చుట్టాలెవరైనా దిగుతున్నారా?" అనేవారు అత్తగారు. సిగ్నలు అత్తయ్యా అంటే, "దాంతో కడుపు నిండదు గానీ, అడుగంటుతోంది చూడు" అనేవారు. నిజమే, చాలాసార్లు అడుగంటించాను. అయినా ఆ అరచేతంత తెర నాది. నేనేం చదివానో పక్కనున్న పొయ్యికి కూడా తెలిసేది కాదు.

తర్వాత టచ్ ఫోను వచ్చింది. మా ఆయనే కొని, తన ఖాతాతోనే తెరిచి ఇచ్చారు. "నీకెందుకు ఆ తలనొప్పులు" అన్నారు. నేను వెతికిందల్లా ఆయన ఫోనులోనూ కనబడుతుందని నిన్న భోజనాల దగ్గర తెలిసింది.

"అమ్మా, విన్నావా? నీ కోడలు సముద్రానికి ఒంటరిగా ఎలా వెళ్లాలో వెతుకుతోంది!"

"ఈ వయసులో ఈతా?" అన్నారు అత్తగారు.

మా అమ్మాయికి నవ్వుతో పొలమారింది.

"వెళ్లినన్నాళ్లూ ఇక్కడ వంటెవరు చేస్తారో, అది కూడా వెతకవోయ్" అన్నారాయన. అందరితో పాటు నేనూ నవ్వి, అమ్మాయికి మంచినీళ్లు అందించాను. 

చార్జింగు పెట్టిన పాత ఫోను బతికింది. బ్రౌజరులో కొత్త పేజీ ఒక్కటీ రాలేదు. దాని కాలం చెల్లింది. అప్పుడెప్పుడో దాచుకున్న పేజీ మాత్రం నెట్టు లేకుండానే తెరుచుకుంది. అదే ఖాళీ గడి. సముద్రం అన్న ముక్క తర్వాత, దారి చెప్పే అవే నాలుగు మాటలు: రైలు దిగి తిన్నగా నడవండి. దారి ఎవరినీ అడగక్కర్లేదు, హోరు వినిపిస్తుంది.

ఎన్నిసార్లు చదివానో. చదవడమే వెళ్లడమనుకున్నట్టున్నాను.

అటక మీది సంచీ దించాను. దుమ్ము దులిపి, రెండు చీరలు పెట్టుకుని, మళ్లీ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాను. ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చారు. అలవాటుగా చెయ్యి చాచారు. నేను అందివ్వలేదు.

"ఆ డొక్కు ఫోను ఇంకా ఉందా? ఏం చూస్తున్నావందులో?"

"చూసి వచ్చాక చెప్తాను" అన్నాను.